సంతకం తర్వాత చేసిన ప్రార్థన

కరోనాకు ముందు ఏడాది వర్షాకాలంలో సూరత్ దగ్గర పల్సానాలో ఒక ప్రాసెసింగ్ మిల్లులో డైయింగ్ మాస్టర్‌గా చేరాను. మగ్గాల మీంచి వచ్చిన తెల్ల గుడ్డకు రంగు పట్టించే విభాగమంతా నా కిందే ఉండేది. మాస్టర్ కింద సూపర్‌వైజర్లు, వాళ్ల కింద, గుడ్డను వేడి రంగునీళ్లలో తిప్పే జెట్ మిషన్ల ఆపరేటర్లు. ఆపరేటర్ ఉద్యోగం ఉండడం, ఊడడం మాస్టర్ సంతకంతోనే తేలిపోయేది.

రోజూ ల్యాబ్‌లో కూర్చుని బైబిల్ వాక్యం చదువుకుని, పది నిమిషాలు ప్రార్థన చేసుకున్నాకే షెడ్డులోకి వెళ్లేవాణ్ణి. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలియాలన్న కోరిక నాకూ కొంత ఉండేది, ఇప్పుడు దాచడమెందుకు.

దీపావళి సీజన్‌లో ఒక ఉదయం గేటు దగ్గరే మేనేజర్ ఎదురొచ్చాడు. మూడో జెట్‌లో నేవీ బ్లూ గుడ్డ లాట్ మొత్తం మచ్చలు పడి దిగింది. పాలిస్టర్‌కు రంగు వేసేటప్పుడు వేడిని మెల్లగా పెంచాలి. తొందరపడితే రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడుతుంది. మిషన్ మీద ఉన్నది రాజమల్లు. సిరిసిల్ల వైపు మనిషి, సూరత్‌లోని గోడాదరాలో కాపురం, జెట్ మీద పద్దెనిమిదేళ్ల అనుభవం. గంటలో నివేదిక కావాలన్నాడు మేనేజర్. ప్రార్థన తర్వాత చూసుకోవచ్చులే అనుకుని నేరుగా షెడ్డుకు నడిచాను.

మా పనిలో తడి గుడ్డ మీద షేడు చెప్పకూడదు. ముక్క కత్తిరించి, ఉతికి, ఆరబెట్టి, పగటి వెలుగులో చూశాకే మాట్లాడాలి. ఆ రోజు కూడా గుడ్డకు ఆ మర్యాద చేశాను. మనిషికి చేయలేదు. మీటరు చూపించినట్టే వేడి పెంచానని రాజమల్లు చెబుతూనే ఉన్నాడు. వినిపించుకోకుండా నిర్లక్ష్యమని రాసి సంతకం పెట్టాను.

అతను గొంతు పెంచలేదు. "సార్, మీరు పొద్దుగాల దేవుని అడిగినంకనే పని మొదలువెడ్తరు గదా. నా ముచ్చట గూడ జర అడుగుండ్రి. గప్పుడు పొమ్మంటె పోత," అన్నాడు.

కాగితం అప్పటికే మేనేజర్ చేతిలో ఉంది. రాజమల్లు వెళ్లాక ల్యాబ్‌లో మోకరించి, అతనికి వేరే చోట పని దొరికేలా చూడమని ప్రభువును కోరాను. లోపల ఏదో నిలదీస్తున్నట్టు అనిపించింది. ఆమెన్ అని గబగబా లేచాను.

పది రోజులకు అదే జెట్‌లో, వేరే ఆపరేటర్ చేతిలో, అవే మచ్చలు. మీటరు విప్పించాను. లోపల వేడి ఎక్కువున్నా తక్కువ చూపిస్తోంది. మీటర్లను నెలనెలా పరీక్ష చేయించాల్సింది మాస్టర్. రెండు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చింది నేనే.

తప్పు నాదని మేనేజర్‌కు రాసిచ్చాను. రాజమల్లు స్థానంలో అప్పటికే మరొకరిని పెట్టుకున్నారు, వెనక్కి తీసుకోలేదు. గోడాదరాలో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. నిర్లక్ష్యమన్న మాట మిల్లులన్నిటికీ పాకి, ఎవరూ అతన్ని జెట్ దగ్గరికి రానివ్వలేదట. బట్టల మార్కెట్‌లో మూటలు మోస్తున్నాడు. నా తప్పు ఒప్పుకున్నాను. అతను ఒక్కటే అడిగాడు.

"గా దినం మీ దేవుని అడిగిండ్రా సార్?"

లేదన్నాను.

సంతకం అయ్యాక నేను చేసింది ప్రార్థన కాదు, నా నిర్ణయాన్ని దేవునికి తెలియజేయడం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ముందు ప్రార్థించి, కాసేపు మౌనంగా కూర్చున్నాకే సంతకం పెట్టాను. ప్రతిసారీ జవాబు వినిపించిందని చెప్పలేను. వినిపించనప్పుడు మనిషిని మళ్లీ పిలిచి, చెప్పేది పూర్తిగా విన్నాను. ఈ అలవాటు వల్ల ఇద్దరు ముగ్గురి ఉద్యోగాలు నిలిచాయి. రాజమల్లు మాత్రం మళ్లీ జెట్ ఎక్కలేదు.