గుండ్రంగా పెట్టిన సంతకాలు

ప్రవళిక ఆఫీసులో సంఘం పెట్టిందని కొందరన్నారు, పెట్టలేదు. అమెరికా వాళ్ళ టేపులు బయటకు చేరవేసిందని మరికొందరన్నారు. ఒక్క ఫైలు కూడా బయటకు పోలేదని కంపెనీ సొంత తనిఖీలోనే తేలింది. ఆమెను మెచ్చుకున్నవారు చేసిన తప్పు ఇంకా పెద్దది. ఆ పిల్లకు భయమంటే తెలియదన్నారు. అర్జీ పెట్టిన ఆ రెండు రోజులూ ఆమెకు భయం తప్ప మరేదీ తెలియలేదు.

ఆమె ఉద్యోగం కొండాపూర్‌లోని ఒక అద్దాల భవనంలో, నాలుగో అంతస్తులో. విదేశాల నుంచి వచ్చిన టేపులు విని, విన్నది విన్నట్టు టైపు చేయడం అక్కడి పని. ఆ ఏడు ఒక అమెరికా గ్రంథాలయం డెబ్బైల నాటి సభల టేపులు పంపింది. సమాన హక్కులు అడిగిన నల్లజాతివారు, సమాన వేతనం అడిగిన స్త్రీలు, చక్రాల కుర్చీల్లో వచ్చి ప్రభుత్వ కార్యాలయంలో వారాల తరబడి కదలక కూర్చున్నవారు, అందరూ ఆమె చెవుల్లో రోజంతా మాట్లాడేవారు. మొదట్లో వాళ్ళ యాస పట్టుకోవడంతోనే ఆమెకు సరిపోయింది. ఏమంటున్నారో ఆలోచించే తీరిక లేదు.

కీబోర్డు మీద నాలుగు నిమిషాలు వేలు పడకపోతే తెర అంచున ఎర్ర గుర్తు పడుతుంది. వారంలో మూడు గుర్తులైతే హెచ్చరిక లేఖ వస్తుంది. ఆ అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూంకు మరమ్మతు పేరుతో వానాకాలంలో వేసిన తాళం చలికాలం వెళ్ళిపోతున్నా తీయలేదు. కిందికి దిగి, లిఫ్టు కోసం నిలబడి, తిరిగి వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు. కాబట్టి అక్కడి పదకొండు మంది ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగడం తగ్గించుకున్నారు. కడప నుంచి వచ్చిన పక్క సీటు హరితకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి రెండుసార్లు జ్వరం పట్టుకుంది.

అడగవచ్చు కదా అనేవారికి అదే అంతస్తులో పనిచేసిన లోహిత్ సంగతి తెలియదు. ఉద్యోగులను ఇళ్ళకు చేర్చే క్యాబులు ఎందుకు ఆపేశారని అడిగినందుకు అతన్ని పంపేశారు. కొలువు నుంచి సక్రమంగా వెళ్ళాడని చెప్పే రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు. ఆ కాగితం లేని మనిషిని ఈ చుట్టుపక్కల కంపెనీలు ఇంటర్వ్యూ దాకా రానిచ్చి, తర్వాత ఫోన్ ఎత్తవు. ప్రవళిక భయమంతా ఆ కాగితం గురించే.

ఒక మంగళవారం టేపులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసిన స్త్రీ ఒకామె మాట్లాడింది. అర్జీ మీద ముందుగా సంతకం పెట్టడానికి ఎవరికీ ధైర్యం రాలేదట. కాగితం మీద పళ్ళెం బోర్లించి, గీత గీసి, ఆ గీత వెంట గుండ్రంగా సంతకాలు పెట్టారట. మొదటి పేరు ఎవరిదో యజమానికి తెలియలేదట. ప్రవళిక వేళ్ళు ఆగిపోయాయి. ఎర్ర గుర్తు పడింది.

భోజనాల వేళ ఆమె హరితకు ఆ సంగతి చెప్పి, పళ్ళేనికి బదులుగా టిఫిన్ డబ్బా మూత ముందుకు జరిపింది.

"పళ్ళెమేసి గీత గీస్తే హెచ్ఆర్ ఆదర్శ్ సారు భయపడిపోతాడా యేమి?" అంది హరిత.

"ఆయన భయపడుడు కాదు. మన భయం పదకొండు మందికి పంచుతున్న."

"అట్లయితే నాకు చిన్న ముక్క ఇయ్యి. జరమొచ్చిన మనిషిని."

బాత్రూం తెరవాలని, వెళ్ళివచ్చే సమయానికి గుర్తు వేయరాదని ప్రవళిక అర్జీ రాసింది. ప్రింటర్ దగ్గర ఆమె గుర్తింపు కార్డు పనిచేయకపోతే హరిత తన కార్డు పెట్టింది. సాయంత్రానికి గుండ్రంగా పెట్టిన పదకొండు సంతకాలతో ఆ కాగితం హెచ్ఆర్ మేనేజర్ ఆదర్శ్ బల్ల మీద ఉంది.

మరునాడు పొద్దున లింగంపల్లిలోని ఇంట్లో తండ్రి పెంటయ్య డ్యూటీ బెల్టు బిగించుకుంటూ అడిగాడు. ఆయన మరో భవనం గేటు దగ్గర సెక్యూరిటీ.

"సంతకం నువ్వు ముందుగాల పెట్టినవా, ఎనుక పెట్టినవా?"

"గుండ్రంగ పెట్టినం నాయినా. ముందు లేదు, ఎనుక లేదు."

"గుండ్రంగ పెడితే మాత్రం పేరు పేరే గద బిడ్డా."

పదిన్నరకు ఆదర్శ్ హరితను పిలిచాడు. ఆమెనే ఎందుకు? ప్రవళికకు ఒక్కసారిగా ప్రింటర్ గుర్తొచ్చింది. ఏ కాగితం ఎవరి కార్డుతో వచ్చిందో ఆ యంత్రం రాసి పెట్టుకుంటుంది. పళ్ళెం గీత దాన్ని దాచదు.

అద్దాల గదిలో హరిత చున్నీతో ముఖం తుడుచుకోవడం కనబడుతోంది. ప్రవళిక నోరు మెదపకపోతే ఆమె పేరు చెప్పేవారు లేరు. హరిత చెప్పదు, చెప్పేదే అయితే ఈపాటికి బయటకు వచ్చేది. ప్రవళిక లేచింది, కూర్చుంది. మళ్ళీ లేచి, తలుపు కొట్టడం కూడా మరచి లోపలికి వెళ్ళింది.

"రాసింది నేను సర్. నా కార్డు పని చెయ్యలేదని హరిత తనది పెట్టింది, గంతే."

"ఈ ఐడియా మీకు ఎవరిచ్చారండి?"

"టేపుల విన్న సర్. మీరిచ్చిన పనే."

ఆదర్శ్ నవ్వలేదు. "అదే రాసిచ్చేయండి." అక్షరాలు కలిసిపోతే ఆమె రెండోసారి రాసి ఇచ్చింది.

హరిత ఉద్యోగం నిలిచింది. అయిదో రోజున బాత్రూం తాళం తీశారు. మరమ్మతు పూర్తయిందని కంపెనీ అంటుంది. మరమ్మతుకు వచ్చిన మనిషిని ఆ పదకొండు మందిలో ఒక్కరూ చూడలేదు. నాలుగు నిమిషాల నియమం ఇప్పటికీ ఉంది. ప్రవళికను నెలాఖరుకు పంపేశారు, లెటర్ ఇవ్వలేదు.

ఆమె ఉద్యమం నడపలేదు. ఒక అర్జీ రాసింది. దాని శిక్ష మరొకరి మీద పడబోతే, అది తనదని చెప్పింది.