నేను వేసిన టంకం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా బావకు పనితో ఊపిరాడేది కాదు. ఆయనకు కల్లూరులో మైకు సెట్టు ఉండేది. సభలకూ పెళ్లిళ్లకూ బాడుగకు ఇచ్చేవాడు. నేను కచేరీలో గుమాస్తాను. రేడియోలు విప్పి బాగుచేయడం నాకు సరదా. అందుకని ఆయన యాంప్లిఫయర్‌కు వైద్యుణ్ణి నేనే.

ఒక ఆదివారం పొద్దున బావా, అక్కా ఆ పెట్టెను జట్కాలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ముందురోజు ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు మైకు మూగబోయిందట. పెళ్లివారు నానా మాటలూ అన్నారట.

"మీ అక్క ఇల్లు అలుకుతా దీన్ని దించి గడపకు కొట్టింది. అప్పుడే ఏదో ఊడింటాది," అన్నాడు బావ.

"మెల్లగనే దించినా. తగిలీ తగలనట్టు తగిలింది, అంతే," అంది అక్క.

"నువ్వు మాట్లాడొద్దు."

పెట్టె విప్పి స్విచ్చి వేశాను. వాల్వులన్నీ వెలిగాయి. అక్కను మైకు ముందు మాట్లాడమంటే, ఏం మాట్లాడాలో తోచక ఒకటి, రెండు లెక్కపెట్టింది. స్పీకరు ఖంగుమంది. పది నిమిషాలకు పెట్టె వేడెక్కి గొంతు ఆగిపోయింది. వాల్వు మార్చి చూశాను, లాభం లేదు. చల్లారనిచ్చి వేస్తే పలికేది, వేడెక్కగానే ఆగేది. ఏదో అతుకు వేడికి విడిపోతోందని అర్థమైంది. పెన్సిలు వెనక కొసతో ఒక్కో అతుకునే తట్టుకుంటూ వచ్చాను. ఒక కండెన్సరు దగ్గర తట్టగానే స్పీకరు గరగరమని, అక్క గొంతు తిరిగి వచ్చింది.

ఆ కండెన్సరు నెల కిందట నేను మార్చిందే. ఆ రోజు సినిమాకు వేళవుతోందని, తీగ సరిగ్గా వేడెక్కకముందే టంకం వేసేశాను. పైకి అతుక్కున్నట్టే ఉంది, లోపల పట్టలేదు.

"దెబ్బకేనా?" అన్నాడు బావ.

నిజం నోటిదాకా వచ్చింది. "అయ్యుండచ్చు బావా," అన్నాను.

అక్క నా వైపు చూసింది.

పాత టంకం కరిగించి తీసేసి, ఈసారి నిదానంగా వేశాను. గంటసేపు పెట్టె ఆగకుండా పలికింది. బావ నా భుజం తట్టి, "నీ చేతిలో శానా పనితనం ఉండాదప్పా," అన్నాడు.

నెల తర్వాత కల్లూరు వెళితే, పెట్టె బీరువాలో ఉంది. బీరువాకు తాళం. "మీ అక్క చేతికి అందకుండా," అని బావ పక్కింటాయన ముందు నవ్వాడు. ఆమె చేతిలో ఏ వస్తువూ నిలవదన్నాడు. అక్క చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

ఇక తాళలేక అక్కడే చెప్పేశాను.

బావ మొహం మాడిపోయింది. "ఆ పొద్దే చెప్పింటే నిన్నేమన్నా కొడతానా?"

"నాకు తెలుసులే," అంది అక్క, రాయి ఏరి అవతల పారేస్తూ. "ఆ పొద్దు నీ మొగం చూస్తి."

"మరి నువ్వెందుకు చెప్పలేదక్కా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? నువ్వే చెప్తావనుకుంటి."

భోజనానికి ఉండమంటే ఉన్నాను. అక్క ఎప్పటిలాగే వడ్డించింది. బావ ఆ సాయంత్రమే బీరువా తాళం తీసేశాడు గానీ, అక్క మళ్లీ ఆ పెట్టె జోలికి పోలేదు.