బగ్గీ తోలిన ఒకే ఒక్క పోటీ

మా ముత్తాత పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత తాలూకా కచేరి ఆవరణలోకి గుర్రం దిగకుండా వెళ్లగలిగిన ఇద్దరిలో ఒకరు. రెండోవారు జిల్లా అధికారైన తాలూక్‌దారు. మా నాన్న ఎదుట ఊళ్లో ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. అదంతా న్యాయమని ఇప్పుడు నేను అనను. కాని నేను పెరిగిన ఇంట్లో గాలి అదే.

నాన్న పోయేనాటికే భూములు కొన్ని భూసంస్కరణల చట్టం కింద, కొన్ని కోర్టు తగాదాల్లో పోయాయి. అరవైల చివర్లో అమ్మ, నేను తార్నాకలో ఒక అద్దె ఇంట్లోకి వచ్చాం. మాతో వచ్చినవి నల్ల బగ్గీ, ఒక ఎర్ర గుర్రం. వాటితోపాటు ముప్పై ఏళ్లుగా మా ఇంట బగ్గీ తోలుతున్న కోచ్‌వాన్. ఇంటి వెనక రేకుల కొట్టంలో గుర్రం ఉండేది. దాన్ని ఆనుకున్న గదిలో అతను ఉండేవాడు.

నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ క్లాసులకు బగ్గీలో వెళ్లేవాణ్ణి. తోటివాళ్లు సైకిళ్ల మీద పక్కకు వచ్చి, "సలాం దొరా" అని బెల్లు కొట్టి ముందుకు పోయేవారు. నేను తల తిప్పేవాణ్ణి కాను. రెండేళ్లలో నన్ను ఒక్కరూ హాస్టల్ గదికి చాయ్ తాగడానికి పిలవలేదు. పిలిస్తే వెళ్లేవాణ్ణో లేదో నాకు తెలియదు. మధ్యాహ్నాలు రాతి మెట్ల మీద ఒక మూల కూర్చుని ఇంటినుంచి తెచ్చిన డబ్బా తినేవాణ్ణి. కాస్త దూరంలో చెట్టు కింద గుర్రం గడ్డి నమిలేది. ఆ కాంపస్‌లో నన్ను చూసి చెవులు కదిపే ప్రాణి అదొక్కటే.

ఆ చలికాలం ఇంటి యజమాని వచ్చి, కొట్టం తీసేసి అక్కడ గదులు వేస్తానన్నాడు. "మీరు పెద్దింటోళ్లు సార్, కాదంటలేను. గని కొత్తగ దిగేటోళ్లు గుర్రం పక్కపొంటి పండరు గదా. నెలాఖరుకు జర చూసుకోండ్రి."

అదే వారం కాలేజీ బోర్డు మీద ఒక ప్రకటన చూశాను. గుర్రాల పెంపకందారుల సంఘం ఒకటి యూనివర్సిటీ మైదానంలో గుర్రబ్బండ్లు తోలే పోటీ పెడుతోంది. మొదటి మూడు స్థానాల్లో వచ్చిన గుర్రాలకు ఏడాదిపాటు సంఘం లాయంలో చోటు, మేత. నేను ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాను. ముగ్గురిలో ఒకడిగా వస్తే గుర్రం మాతో ఉంటుంది. లేకపోతే అమ్మాలి. ఇంకో దారి లేదు.

మా వంశంలో ఎవరూ బండి పగ్గాలు పట్టలేదు. మేం వెనక సీట్లో కూర్చునేవాళ్లం. అయినా నేనే తోలతానని అమ్మకు చెప్పాను. ఆమె, "కోచ్‌వాన్ తోలితే కాదా?" అంది.

"గుర్రం మనది" అన్నాను.

మూడు వారాలు పొద్దున్నే అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని సాధన చేశాను. ముందు నా పక్కన కోచ్‌వాన్. తార్నాక నుంచి కాంపస్ లోపలి రోడ్ల మీదుగా విద్యానగర్ వైపు వెళ్లి తిరిగి వచ్చేవాళ్లం. అతను నా చేతుల్ని తాకేవాడు కాదు. తన చేతులు గాల్లో పట్టి చూపించేవాడు. "గుంజొద్దు చిన్నదొరా. వేలు కదిలిస్తె సాలు, దానికి ఎరికైతది." పదో రోజుకు నాకూ తెలిసింది. అంత సంతోషం మళ్లీ ఏ పనిలోనూ కలగలేదు.

పోటీ రోజు నాన్న షేర్వాణీ వేసుకున్నాను. భుజాల దగ్గర వదులు. మైదానం చుట్టూ తాడు కట్టి, లోపల కొయ్య దిమ్మెలు జంటలుగా నిలబెట్టారు. ఒక్కో దిమ్మె మీద ఒక బంతి. జంటల నడుమ నుంచి బండి పోవాలి. చక్రం తగిలి బంతి పడితే తప్పు. విజిల్ ఊదిన క్షణం నుంచి కాలం లెక్క. బండిలో ఒక సహాయకుణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు. అద్దె బండ్లు తోలే టాంగావాళ్లు చాలామంది వచ్చారు. బౌద్ధనగర్ నుంచి ఒక పాలవ్యాపారి కూడా తన బండి తోలుకొచ్చాడు.

నా వంతు వచ్చే ముందు కోచ్‌వాన్ దగ్గరికి వచ్చాడు. "నన్ను ఎనుక కూసోనియ్యుండ్రి చిన్నదొరా. ఎనుక ఎవరన్న ఉంటెనే మంచిగుంటది."

అంతమంది ముందు తనూ కనబడాలన్న ముచ్చట అనుకున్నాను. "అక్కర్లేదు. తాడు అవతల నిలబడు" అన్నాను.

అతను వెళ్లి నిలబడ్డాడు. మా ఇంట పనివాళ్లు ఏ మాటా రెండోసారి చెప్పరు. అది మేం నేర్పిన మర్యాదే.

విజిల్ ఊదారు. నేను వేలు కదిపాను. గుర్రం కదల్లేదు. మళ్లీ కదిపాను. నాలుకతో చప్పుడు చేశాను. అది చెవులు వెనక్కి పెట్టి, దేనికోసమో వింటున్నట్టు నిలబడిపోయింది. మా ఇంట గుర్రాన్ని కొట్టేవారు కాదు. కొరడా నా పక్కనే ఉంది, నేను ముట్టుకోలేదు.

తాడు వెంట నిలబడ్డ హాస్టల్ పిల్లలు మొదలుపెట్టారు.

"గుర్రానికి గూడ హాల్ టికెట్ కావాల్నా ఏందన్నా?"

"దొరగారి గుర్రం రా బయ్, దండం పెడితెనే కదులుతది."

ఒక ముసలి టాంగావాలా మాత్రం నవ్వకుండా అన్నాడు. "దానికి హుకుం రాలే సాబ్. మీ మనిషిని అడుగుండ్రి."

నేను కోచ్‌వాన్ వైపు చూశాను. అతను ఉన్నచోటి నుంచే, నేను చూశాను గనక, చెప్పాడు. "పెద్దదొరకు మోకాలి నొప్పి గద, ఎక్కడానికి టైం పట్టేది. ఎనుక సీటు స్ప్రింగులు కిర్రుమన్నంకనే కదలాలని దానికి నేర్పిన. ఎనుక బరువు పడందే అది పోదు."

చేయవలసింది తెలిసింది. రా, కూర్చో అంటే చాలు. కాని ఆ సీట్లో మా ఇంటివాళ్లు తప్ప బయటి మనిషి కూర్చోవడం నేను చూడలేదు. నోరు రాలేదు. ఎంతసేపో చెప్పలేను. గడియారం పట్టుకున్న ఆయన రెండుసార్లు తలెత్తి నన్ను చూశాడు. చివరికి, "రా" అన్నాను. "కూర్చో" అనలేదు.

అతను తాడు కింద నుంచి దూరి, చెప్పులు కింద విడిచి వెనక ఎక్కాడు. స్ప్రింగులు కిర్రుమన్నాయి. గుర్రం కదిలింది. మొదటి మలుపులో తల తిప్పి చూశాను. అతను సీటు మీద కూర్చోలేదు. సీటు కింద, పాదాలు పెట్టుకునే చోట, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. అది చూసి నా మనసు తేలికపడింది. ఈ ముక్క రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆ తర్వాత గుర్రం నీళ్లలా పోయింది. ఒక్క బంతి పడలేదు. హాస్టల్ పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎగతాళికి కాదు. కాని కాలం మొదట్లోనే పోయింది. ముగ్గురి పేర్లు చదివారు. మొదటిది పాలవ్యాపారిది, మిగతా రెండూ టాంగావాళ్లవి. మా పేరు లేదు. గడియారం పట్టుకున్నాయన నా దగ్గరికి వచ్చి, "మనిషి పక్కనే ఉన్నడు కదా, ముందే ఎందుకు ఎక్కించుకోలేదండీ?" అని మర్యాదగానే అడిగాడు. నేను నమస్కారం చేసి వచ్చేశాను.

తిరిగి వెళ్లేటప్పుడు ఏమీ ఆలోచించకుండానే వెనక సీట్లోకి ఎక్కాను. కోచ్‌వాన్ పగ్గాలు అందుకున్నాడు. తార్నాక దాకా అతని వీపు చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ముప్పై ఏళ్లలో మా ఇంటివాళ్లు అతనితో ఎటు పోవాలో తప్ప ఇంకేమీ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. "ఏమైంది?"

"ఆలస్యమైంది."

"సరే, కాళ్లు కడుక్కుని రా" అంది. కోచ్‌వాన్ కొట్టంలో గుర్రానికి నీళ్లు పెడుతున్న చప్పుడు వినిపించింది.

నెలాఖరుకు ముందే గోల్నాక టాంగావాలా ఒకతను వచ్చి గుర్రాన్ని కొనుక్కున్నాడు. బగ్గీని, తోలు సామానును వేరే మనిషికి విడిగా అమ్మాం. గది ఖాళీ చేసిన రోజు కోచ్‌వాన్ ఎటు పోతున్నాడో నేను అడగలేదు.