పాప ముద్దలో నా వంతు

మా వియ్యపురాలు వచ్చి ఉన్న నెల రోజుల్లో మా ఇంట్లో పోయినవి చెబుతాను. పింగాణీ గిన్నె ఒకటి, ముక్కలై. పాలచెంచా ఒకటి, ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. పసుపు మరకలకు నా తెల్ల చొక్కాలు రెండు. నేలపాలైన పప్పన్నం ఎంతో నేను కూడా చెప్పలేను, చీమలకు తెలియాలి. అన్నిటికంటే పెద్దది, మనవరాలికి పూటకు ఇరవై ముద్దలు తినిపించే నా పని.

చండ్రుగొండ దగ్గర మా ఊరు. కొడుకూ కోడలూ పొద్దున్నే బస్సెక్కి పాల్వంచలో ఉద్యోగాలకు పోతారు. మా ఇంటామె చేను చూసుకుంటుంది. పాప నా దగ్గరే. నాకు పని ఎండాకాలంలోనే. జనం అడవి నుంచి కోసి తెచ్చిన బీడీలు చుట్టే తునికాకు కట్టలను, ఆకు కొనే కల్లంలో లెక్కబెడతాను. ఆ లెక్క బడిలో నేర్చింది కాదు, కట్టలు పట్టీ పట్టీ వచ్చింది. కట్టలోంచి ఒక్క ఆకు జారినా నాకు మనసొప్పదు. అన్నం కూడా అట్లాగే పెట్టేవాణ్ణి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, రెండు మణికట్లనూ కట్టను పట్టినట్టు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఇరవై ముద్దలు. మెతుకు కింద పడేది కాదు. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఆ నోటికి ఒప్పదని వాడంతా చెప్పుకునేవాణ్ణి.

పాపకు ఏడాది దాటాక, పర్ణశాల దగ్గరి ఊరి నుంచి కోడలి తల్లి వచ్చింది. వచ్చిన పూటే గుమ్మంలో నిలబడి నవ్వింది.

“ఏందన్నా, పిల్లకు తినిపిస్తున్నవా, దొంగను పట్టుకున్నవా?”

“చేతులు ఇడిస్తే అంతా ఒంపుతది చెల్లె.”

“ఒంపనీ. ఇదేమన్న నీ కల్లమా, లెక్క తప్పనీకి?”

ఆమె చాప పరిచి పాపను కూర్చోబెట్టింది. ఉడికిన చిలగడదుంపను చిన్న ముక్కలు చేసి పళ్ళెంలో వేసి, చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చుంది. పాప ముక్కలన్నిటినీ అరచేత్తో ఊడ్చింది. పిడికిట్లో నలిగిన దుంప వేళ్ల సందుల్లోంచి బయటికొచ్చింది. నోరనుకుని చెంపకు రాసుకుంది, తర్వాత చెవికి. నేను లేవబోతే వియ్యపురాలు కళ్లతోనే కూర్చోమంది.

రోజులు గడిచేకొద్దీ ఆ పిడికిలి విడింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. ఒక మధ్యాహ్నం పాప ఒక్క మెతుకును ఆ రెండు వేళ్లతో పట్టి, ఎత్తి చూసి, సూటిగా నోట్లో వేసుకుంది.

“చూసినవా, ఇప్పపువ్వు ఏరినట్టు ఏరుతున్నది నా బంగారం! అచ్చం అమ్మమ్మ చెయ్యే.”

అమ్మమ్మ చెయ్యట! అన్నం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ నోట్లోకి పోయిందంతా నా చేతి మీదుగా పోయింది. మర్నాడు ఆమె స్నానానికి వెళ్లినప్పుడు పాపను ఒళ్లోకి లాక్కుని, పాత పద్ధతిలో మణికట్లు పట్టుకున్నాను. మొదటి ముద్దకే పాప వీపు విల్లులా వంచి, పెదవులు బిగించి, చెయ్యి విడిపించుకుని నా ముద్దను తోసేసింది. వియ్యపురాలు తడిజుట్టుతో వచ్చి చూసింది. పాప ముందు పళ్ళెం పెట్టింది. ఏదైనా అని ఉంటేనే బాగుండేది.

తినడం వచ్చాక పెట్టడం కూడా వచ్చింది పాపకు. ముందు అమ్మమ్మ నోట్లో. తర్వాత వాళ్ల నాన్నకు, గుమ్మం దగ్గరికొచ్చిన కోడిపిల్లకు. నేనూ నోరు తెరిచి కూర్చున్నాను. చిన్న చెయ్యి నా పెదవుల దాకా వచ్చింది. పాప నన్ను చూసింది, ముద్దను చూసింది, వెనక్కి తిప్పి తనే తినేసింది.

“నీకు బాకీ పెట్టింది పో అన్నా!” అని వియ్యపురాలు పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆమె ఊరికి వెళ్లిపోయింది. ఇప్పుడు పాప చెంచాను కూడా బోర్లించకుండా నోటికి తెచ్చుకుంటోంది. నేను తినిపించిన వేల ముద్దలకు బదులు అడగను. రోజూ పళ్ళేనికి ఇవతల, నా చేతులు ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచి కూర్చుంటున్నాను. ఇవాళ్టికీ నాకు రావాల్సింది ఒక్క ముద్ద.