సరంగు పొట్ట మీద జతలు

మా చిన్నప్పుడు, విశాఖపట్నంలో, మా ఇంట్లో పిడుదుకు మందు ఒక్కటే... నిప్పు.

మా పిల్లి పేరు సరంగు. మగపిల్లి. పడవ నడిపే సరంగులాగే ఫిషింగ్ హార్బరంతా తనదేనన్నట్టు తిరిగి, వలల మీద పడుకుని, కంపు కొడుతూ ఇంటికొచ్చేవాడు. ఆ రోజు చెవి వెనక నెత్తురు తాగి మినపగింజంత ఉబ్బిన పిడుదును కూడా తెచ్చుకున్నాడు.

నాన్నమ్మ చూసేసింది. ఆవిడది అడ్డపొగ... చుట్ట నిప్పు కొసను నోట్లోనే పెట్టుకుని తాగేది. ఆ చుట్టను బయటికి తీసి సరంగు దగ్గరికి వచ్చింది. నోట్లో నిప్పు దాచుకునే మనిషికి పిల్లి ఒక లెక్కా?

"కదలకండా పట్టుకోయే. సురక తగిల్తే అదే ఊడొచ్చేత్తాది."

"సరంగు కాలిపోతాడే నాన్నమ్మా!"

"లేదంటే సంచిలో ఏసి హార్బర్లో ఒగ్గేత్తాను. ఏటంటావ్?"

ఏమంటాను? పట్టుకున్నాను. వాడు గింజుకుని వెల్లకిలా తిరిగాడు. పొట్ట మీద బొచ్చులో ఇంకోటి... చిన్నగా, ఉబ్బెత్తుగా. దాని కింద మరోటి.

"ఓలమ్మో, ఒళ్లంతా పట్టేసినాయి! ఈటితోనే మొదలెడతాను," అంటూ చుట్ట దించింది.

వేడి నా వేళ్లకు తగులుతోంది. అరచేతి కింద గుండె దడదడ... వాడిదో నాదో తెలియలేదు. కళ్లు మూసుకోబోతూ చూశాను. ఇటు ఒకటుంటే, సరిగ్గా అటూ ఒకటి. పిడుదులు బడిపిల్లల్లా జతలుగా వరుస కడతాయా?

"అమ్మా! ఇయి పిడుదులు కావే!"

నా అరుపుకి అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, బొచ్చు పాయతీసి చూసి, నాన్నమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"అత్తా, అయి సనుమొనలు! కాల్సేత్తారేటి?"

"మగోడికి సనుమొనలేటే?"

"మావయ్యకి లేవేటి?"

నాన్నమ్మ చుట్టను మళ్లీ నోట్లో పెట్టుకుంది.

అమ్మ ముల్లు తీసే చిమటాతో చెవి వెనకున్న అసలు పిడుదును చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా, నిదానంగా, తిన్నగా లాగింది. తలతో సహా వచ్చింది. కిరసనాయిల్లో వేసి చేతులు కడుక్కుంది. అప్పుడు గాని నేను వాణ్ని వదల్లేదు.

ఇప్పుడు మా మనవరాలు తన పిల్లి మెడ మీద పిడుదులు పట్టకుండా మందు చుక్క వేసి, "పిడుదంటే ఎలా ఉంటుంది అమ్మమ్మా?" అంటుంది. ఆ పిల్లి నా ఒళ్లో వెల్లకిలా పడి నిద్రపోతుంది. దానికి భయమే తెలియదు...

మీ ఇంటి పిల్లులు ఎవరి వైద్యం నుంచి బతికి బయటపడ్డాయో రాయండి. నిప్పు పట్టుకొచ్చే నాన్నమ్మ ఇప్పుడు లేదు... నా చెయ్యి మాత్రం ఇంకా ఒళ్లో పిల్లి పొట్ట మీద జతలు సరిచూసుకుంటూనే ఉంది.