అప్పలరాజు గారు కట్టేసిన వాల్వు

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడాది. విశాఖలో ఒక కేన్సర్ ఆసుపత్రిలో స్పెషలిస్ట్ నర్సుని. సూదులు వేయడం కాదు నా పని. డాక్టరుగారు చెప్పి వెళ్ళాక రోగి పక్కన కూర్చుని, అదే విషయం అర్థమయ్యేలా మళ్ళీ చెప్పాలి. అందులో నాకు తిరుగులేదని అప్పట్లో కాస్త పొగరు కూడా ఉండేది.

అప్పలరాజు గారు ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసులకి, అంటే పెద్ద కొలిములకి, గ్యాస్ పంపే పైపులైన్లు చూసి రిటైరైన మనిషి. కాలేయంలో గడ్డలు. బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, కేన్సరని తేల్చింది. పెట్ స్కాన్ ఒళ్ళంతా గాలించినా అది మొదట ఎక్కడ పుట్టిందో దొరకలేదు. దీన్ని మేం సీయూపీ అంటాం, కేన్సర్ ఆఫ్ అన్‌నోన్ ప్రైమరీ.

ఆయనకదే మింగుడు పడలేదు. "ఇన్ని మిషన్లెట్టి సూసినా దొరకనేదంటే ఏటమ్మా?" అన్నారు.

"కొందరికి అంతే బాబాయ్. దొరక్కపోయినా మందుంది. మూడు వారాల్లో కీమో మొదలెడదాం."

ఆయన బుద్ధిగా తలూపారు. ఊపారు కదా అని నేను ఫైలు మూసేశాను.

మూడు వారాలకి వచ్చారు. కీమో మోతాదుకి బరువు చూడాలి. ఏడు కిలోలు తక్కువ చూపించింది. మిషన్ పాడైందేమోనని నేనెక్కాను. నా బరువు ఒక్క గ్రాము తగ్గితే ఒట్టు.

ఆయన భార్య నూకరత్నమ్మ గారు కళ్ళొత్తుకున్నారు. "నానెట్టింది ఎట్టినట్టే ఉంటంది సిస్టరమ్మా. గంజినీల్లు తప్ప ముట్టడు."

"ఆకలి లేదా బాబాయ్?"

"ఆకలి సంపేత్తంది. నానే తినట్నేదు. లీకెక్కడో దొరక్కపోతే ఏటి సేత్తాం? ముందు మెయిన్ వాల్వు కట్టేత్తాం. ముప్పై ఏళ్ళు అదే సేసినాను. ఎక్కడ పుట్టిందో దొరకనేదని నువ్వే అన్నావు కదమ్మా. తిండి ఆపేత్తే అదెక్కడున్నా సత్తాదని..."

ఆకలేస్తుండగానే ఇరవై రోజులు కడుపు మాడ్చుకున్నాడా మనిషి. అందులో పిచ్చితనమేమీ లేదు. నేను సగం చెప్పి వదిలేసిన మాటకి, తనకి తెలిసిన పని తను చేశాడు. ఆ రోజు మొదలెట్టాల్సిన కీమోని డాక్టరుగారు వాయిదా వేశారు, మందుని తట్టుకునే సత్తువ ఆ ఒంట్లో లేదు.

నేను ఆయన లెక్కలోనే అడిగాను. "బాబాయ్, మెయిన్ వాల్వు కట్టేస్తే ముందు ఆరిపోయేది ఏది?"

ఆయన లోపలికి పోయిన పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు. "ఫర్నేసే," అన్నారు. తర్వాత భార్య చేతిలోని క్యారేజీ అందుకున్నారు. చారన్నం నాలుగు ముద్దలు తిన్నారు, అంతకన్నా దిగలేదు.

నెల తర్వాత కీమో మొదలైంది. ఆరు సార్లు ఇవ్వాల్సింది, మూడుకే ఒళ్ళు తట్టుకోలేదు. ఆ ఏడాది చివర్లో పోయారు. తిండి మానకపోయినా అంతే జరిగేదని డాక్టరుగారు అంటారు. అయ్యుండొచ్చు. నాకు నమ్మకం కుదరదు.

ఇప్పుడు "దొరకలేదు" అన్నాక నేను ఫైలు ముయ్యను. "ఇంటికెళ్ళి ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగి, జవాబొచ్చేదాకా కూర్చుంటాను. ఆ మాట అడగడానికి అర నిమిషం పట్టదు. అప్పలరాజు గారిని నేను అడగలేదు.