కల్లం కుక్కకి పెరుగన్నం

బ్రాడీపేటలో మా వీధి చివర కారం పట్టే మర ఉంది. అది తిరగడం మొదలుపెట్టగానే ఆడవాళ్ళంతా కొంగులూ చున్నీలూ ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం తుమ్ముకంటే ముందు దర్శి దగ్గరి మా ఊరూ, ఎర్రగా పరుచుకున్న మా మిరప కల్లమూ, దానికి కాపలా కాసిన టైగరూ గుర్తొస్తాయి.

కళ్ళు తెరిచీ తెరవని కుక్కపిల్లగా ఉన్నప్పుడు నాన్న దాన్ని తెచ్చాడు. పగలు కల్లంలో కాపలా, పొద్దుగూకితే ఇంట్లో మా ఒళ్ళో ఆట. నానమ్మ తిడుతూనే దాని చెవుల్లో పిడుదులు ఏరేది. నాన్నకి ఎవరిమీదా నమ్మకం లేదు. తాలుకాయలు ఏరే కూలీలనీ, కాటా వేసేవాణ్ణీ, ఆఖరికి మబ్బునీ అనుమానంగానే చూసేవాడు.

"ఆడుకుంటే ఆడుకోండి. అన్నం మాత్రం నేనే పెడతా. అందరి చేతుల్లో తింటే ఇంకెవర్ని చూసి మొరుగుద్ది?" అనేవాడు.

పెరుగన్నం ఎరగని బతుకూ ఒక బతుకేనా అని నా బాధ. నాన్న మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాగానే, కూలీలు చెట్టు కింద సద్దులు విప్పుకునే వేళ, గిన్నె పట్టుకుని కల్లానికి పరిగెత్తేదాన్ని. ఘాటుకి దగ్గొచ్చి దొరికిపోకుండా, కాయలు ఏరే ఆడవాళ్ళలాగే ముక్కూ మూతీ కనబడకుండా తువ్వాలు కట్టుకునేదాన్ని.

ఒకరోజు పట్టపగలే ఒక టిక్కీ, నిండు గోతం కాయలు, మాయమైంది. టైగర్ మొరగలేదు. మర్నాడు పొద్దున మరియమ్మ అందరికంటే ముందొచ్చింది, ముఖానికి తువ్వాలు కట్టుకుని. ఏళ్ళ తరబడి మా కల్లంలో పనిచేస్తున్న మనిషి. టైగర్ ఒక్క గంతులో వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర వెల్లకిలా పడింది.

"ఎన్నాళ్ళనుంచి మేపుతున్నావే దీన్ని?" అన్నాడు నాన్న.

"అయ్యో, మెతుకు కూడా ఎయ్యలేదయ్యా! ప్రభువు సాక్షి."

"రేపట్నుంచి పనికి రామాక."

ఆ తర్వాత తువ్వాళ్ళతో వచ్చిన ప్రతి మనిషి దగ్గరా టైగర్ అలాగే తోకాడించింది. నాన్న చూడలేదు, నేను చూశాను. ముఖానికి గుడ్డ కట్టుకున్నవాళ్ళంతా పెరుగన్నం తెస్తారని దానికి నేర్పింది నేనే. చెబితే దాన్ని ఎక్కడో వదిలేసి వస్తాడని భయపడి నోరు మూసుకున్నాను. దొంగ ఎవరో తేలలేదు గానీ, మరియమ్మని ఊళ్ళో ఇంకే కల్లానికీ ఎవరూ పిలవలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నాన్నా లేడు, టైగరూ లేదు. కల్లం ఉన్నచోట ప్లాట్ల రాళ్ళున్నాయి. కాయలు కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి, అక్కడ కాపలాకి కెమెరాలు. మొన్న ఊరెళ్ళినప్పుడు మరియమ్మ ఇంటికి వెళ్ళి, అన్నం పెట్టింది నేనేనని చెప్పాను.

"తెలుసమ్మా. చెట్టు కిందనుంచి రోజూ చూసేదాన్నిగా. నేను చెప్తే మీ నాన్న నమ్ముతాడా?" అంది. "నువ్వు చెప్తావేమోనని ఆ ఎండాకాలమంతా మీ ఇంటి వంక చూశా."